‘వ’ వరుసలో నూనె రంగులు

చిత్రకారుల నిఘంటువు కూర్చేవాళ్ళకు మొదటి చిక్కు ఇంటిపేర్ల దగ్గరే వస్తుంది. మనకు ఇంటిపేరే ముందుంటుంది కాబట్టి వడ్డాది పాపయ్య నేరుగా ‘వ’లోకి వచ్చి కూర్చుంటారు, ఆయన వెనకే వరద వెంకటరత్నం. ఐరోపా పేర్లు అంత సులువుగా లొంగవు. విన్చీ అన్నది ఊరి పేరు కనుక లియొనార్డోని ‘ల’లో వెతుక్కోవాలి. వెలాస్కెజ్ అన్నది ఆ స్పెయిన్ చిత్రకారుడికి తల్లి వైపు నుంచి వచ్చిన ఇంటిపేరు. డచ్ వాళ్ళ జాబితాల్లో ‘వాన్’ లెక్కలోకి రాదు, అక్కడ వాన్ గో ‘గ’ కింద ఉంటాడు. ఇంగ్లిషు పుస్తకాలు మాత్రం అతన్ని ‘వి’లోనే పెడతాయి. అలా పెట్టినప్పుడు ఒక మంచి సంగతి జరుగుతుంది. యాన్ వాన్ ఐక్, రోజియర్ వాన్ డెర్ వైడెన్, వెలాస్కెజ్, వెర్మీర్, వాన్ గో పక్కపక్క పుటల్లోకి చేరతారు. నూనె రంగుతో ఏమేం చేయవచ్చో తెలియాలంటే ఈ ఐదుగురి పని దగ్గరగా చూస్తే దాదాపు సరిపోతుంది. ఇంకో అక్షరానికి ఈ అదృష్టం పట్టిందని నేననుకోను.

ముందు నూనె సంగతి. నీటిరంగు ఆరడమంటే నీరు ఆవిరైపోవడం. అవిసె నూనె అలా ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి, గట్టి పొరగా మారుతుంది. దీనికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రంగు ఇంకా మెత్తగానే ఉంటుంది కాబట్టి ఒక ఛాయను పక్క ఛాయలోకి అంచు తెలియకుండా కలిపేయవచ్చు. గట్టిపడ్డాక దాని మీద ఇంకో పొర వేసినా కిందిది కరగదు, కదలదు. పచ్చిగా ఉన్నప్పుడు ఒక సౌకర్యం, ఆరాక ఇంకొకటి. మన ఐదుగురూ ఈ రెంటిలో దేన్ని ఎంతవరకు వాడుకున్నారన్నదే వాళ్ళ పనితనంలోని తేడా.

నూనె రంగులను వాన్ ఐక్ కనిపెట్టాడని 1550లో ఇటలీ రచయిత వసారి రాసిన మాట చాలాకాలం చెల్లింది. అది నిజం కాదు. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో 7వ శతాబ్దపు బౌద్ధ కుడ్యచిత్రాల్లోనే ఆరే నూనెలు వాడారని 2008లో పరీక్షల వల్ల తేలింది. వాన్ ఐక్ గొప్పతనం ఆ నూనెను పలచటి పొరలుగా పేర్చిన తీరులో ఉంది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆర్నోల్ఫీని దంపతుల చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. 1434లో వేసిన ఈ బొమ్మ ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60. అంతకంటే పెద్దది కాదు.

పని ఓక్ చెక్క పలకతో మొదలవుతుంది. సుద్దను జంతువుల జిగురుతో కలిపి దాని మీద పూత మీద పూత వేసి, ఆరాక రాపిడి పెట్టి నున్నటి తెల్లటి నేలను తయారుచేస్తారు. ఆ తెలుపు మీద బొమ్మ గీత. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో చూస్తే రంగు కింద ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. భర్త పైకెత్తిన చేతిని వాన్ ఐక్ గీశాక మళ్ళీ సవరించాడని అందులో తెలుస్తుంది. కాళ్ళ దగ్గరున్న కుక్కపిల్లకు, పైనున్న ఇత్తడి దీపపుగుత్తికి మాత్రం కింద గీతే లేదు. అంత వివరమైన దీపపుగుత్తిని నేరుగా కుంచెతోనే కట్టాడన్నమాట.

ఇప్పుడు భార్య పచ్చ గౌను చూడండి. అడుగున పసుపూ తెలుపూ కలిసిన, కాంతిని దాటనివ్వని పచ్చ. అది ఆరాక దాని మీద రాగి చిలుము నుంచి తీసిన పచ్చను నూనెలో పలచగా కలిపి అద్దంలాంటి పూత. కాంతి ఈ పై పూతలోంచి లోపలికి పోయి, కింది లేత పొరకు తగిలి, మళ్ళీ అదే పూతలోంచి బయటికి వస్తుంది. రంగు గుండా రెండుసార్లు ప్రయాణించిన వెలుతురు మన కంటికి చేరుతుంది. మడతల లోతుల్లో పూత మందంగా, ఎత్తుల్లో పలచగా ఉండేట్టు చూసుకుంటే చాలు, నలుపు కలపకుండానే నీడ తయారవుతుంది. ఆ గౌను లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటుందని చూసినవాళ్ళందరూ అంటారు. నిజంగానే వెలుతురు లోపలికి వెళ్ళి వస్తోంది.

వెనక గోడ మీది గుండ్రటి ఉబ్బెత్తు అద్దం ఈ బొమ్మలోకెల్లా చిన్న పని, అన్నిటికన్నా కష్టమైన పనీ అదే. దాని చట్రం చుట్టూ పది చిన్న బిళ్ళలు, ఒక్కోటీ గోరంత. ఒక్కోదానిలో క్రీస్తు చివరి రోజుల్లోని ఒక్కో ఘట్టం. అద్దంలో దంపతుల వీపులు, కిటికీ, గుమ్మంలోంచి లోపలికి వస్తున్న ఇద్దరు మనుషులు. ఉబ్బెత్తు అద్దం గనక గది గీతలన్నీ విల్లులా వంగాలి, వంగాయి. అద్దం పైన గోడ మీద ‘యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు’ అని లాటిన్‌లో అలంకారపు రాతతో సంతకం, కింద సంవత్సరం. ‘వేశాడు’ అనలేదు, ‘ఉన్నాడు’ అన్నాడు. ఆ గుమ్మంలో ఉన్న ఇద్దరిలో ఒకడు అతనేనా అని పండితులు ఈనాటికీ వాదించుకుంటున్నారు.

వాన్ డెర్ వైడెన్ పద్ధతి కూడా ఇదే, కానీ అతని కన్ను వస్తువుల మీద కంటే దుఃఖం మీద ఉంటుంది. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న ‘శిలువ నుంచి దింపడం’ సుమారు 1435 నాటిది. లోతు లేని బంగారు పెట్టెలో పదిమంది మనుషులు దాదాపు నిలువెత్తున కిక్కిరిసి ఉంటారు. స్పృహ తప్పి వాలిపోతున్న మరియ ఒళ్ళు, కిందికి దించుతున్న కొడుకు ఒళ్ళు వంగినట్టే వంగుతుంది. రెండు దేహాలూ ఒకే గీత మీద కట్టినవి. చెంపల మీది కన్నీటి బొట్లను ఒక్కొక్కటిగా, మెరుపుతో సహా వేశాడు. లూవెన్ నగరపు విలుకాండ్ర సంఘం ఈ బొమ్మను చేయించుకుంది కాబట్టి పై మూలల చెక్కడపు పనిలో బుల్లి విల్లులు వేలాడదీశాడు.

ఈ రెండు బొమ్మలూ తర్వాత స్పెయిన్ రాజుల చేతికి వచ్చాయి. శిలువ చిత్రం 1574 నుంచి చాలాకాలం ఎస్కోరియల్ రాజమందిరంలో ఉండేది. ఆర్నోల్ఫీని చిత్రం మాడ్రిడ్ రాజభవనపు జాబితాలోకి ఎక్కింది. ఆ భవనాల అలంకరణ, బొమ్మల బాగోగులు చూసే ఉద్యోగం 17వ శతాబ్దంలో వెలాస్కెజ్‌ది. ‘వ’ పుటల్లో పక్కపక్కనున్నవాళ్ళు అలా ఒకే దివాణంలో కూడా కలిశారు.

వెలాస్కెజ్ మొదట్లో దట్టంగానే వేసేవాడు. 1618లో, ఇరవై ఏళ్ళు నిండకముందే, సెవిల్ ఊళ్ళో వేసిన ‘కోడిగుడ్లు వేయిస్తున్న ముసలమ్మ’ ఇప్పుడు ఎడిన్‌బరోలో ఉంది. మట్టి మూకుడులో వేడి నూనె, అందులో రెండు గుడ్లు. తెల్లసొన అంచున గట్టిపడి తెల్లబడింది, మధ్యలో ఇంకా పారదర్శకంగా ఉంది. పూర్తిగా ఉడకనిదీ ఉడికినదీ కలిసే ఆ అంచును, పొయ్యి మీద ఒకటి రెండు క్షణాలు మాత్రమే నిలిచే ఆ స్థితిని, నెమ్మదిగా ఆరే రంగుతో పట్టుకోవడం మామూలు చెయ్యి చేసే పని కాదు.

1656 నాటి ‘లాస్ మెనీనాస్’ దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి పూర్తిగా మారిపోయింది. 318 సెంటీమీటర్ల ఎత్తున్న కాన్వాసు. రంగు ఎంత పలచగా పారిందంటే చాలాచోట్ల బట్ట నేత కనిపిస్తూనే ఉంటుంది. రాజకుమారి మార్గరీటా చేతి అంచు జరీలేసు కొన్ని అడుగుల దూరం నుంచి పోగుపోగునా నిజం. దగ్గరికి వెళితే లేసు మాయమై ఒకదాన్నొకటి తాకని తెల్లటి, బూడిదరంగు గీతలు మిగులుతాయి. ఆమెకు పరిచారిక అందిస్తున్న ఎర్రమట్టి చెంబు కొన్ని చుక్కల ఎరుపు, ఒక మెరుపు. దాని కింది వెండి పళ్ళెం అంచు ఒక్క తెల్ల గీత. ఎంత దూరం నుంచి చూస్తారో ముందే లెక్కవేసి, మిగతా పని చూసేవాడి కంటికి వదిలిపెట్టాడు. వాన్ ఐక్ ప్రతి పోగూ తానే వేశాడు. వెలాస్కెజ్ ఏ పోగు వేయనక్కర్లేదో తెలుసుకున్నాడు. రెండోది సులువని అనుకోకూడదు. తప్పు గీత పడితే దాచడానికి పైన ఇంకో పొర లేదు.

బొమ్మ పైసగమంతా చీకటి గోడలు, ఖాళీ కప్పు. వెనక గోడ మీద ఒక అద్దం, అందులో రాజూ రాణీ మసకగా ఉంటారు. ఆర్నోల్ఫీని అద్దం తెలిసినవాడు దానికి ఇచ్చిన సమాధానమని నాకనిపిస్తుంది. ఇక్కడ మాత్రం వివరాలు గోరంత కూడా లేవు, కనీకనిపించని ముఖాలే ఉన్నాయి. బొమ్మలో కనిపించే చిత్రకారుడి ఛాతీ మీది ఎర్ర శిలువ శాంటియాగో వీరుల గుర్తు. ఆ గౌరవం అతనికి దక్కింది 1659లో. అంటే బొమ్మ పూర్తయిన మూడేళ్ళకు ఆ ఎరుపు అక్కడికి చేరింది.

వెర్మీర్‌వి మనకు మిగిలినవి సుమారు 35 బొమ్మలే. డెల్ఫ్ట్ ఊరు దాటి ఎక్కువ తిరిగినవాడూ కాదు. అతని పని పద్ధతికి ఒక చిన్న రంధ్రం సాక్ష్యం. గది గీతలన్నీ దూరంగా వెళ్ళి కలిసే బిందువు దగ్గర కాన్వాసులో సూదిబెజ్జం లాంటి గుంట అతని చాలా బొమ్మల్లో దొరికింది. అక్కడ మేకు గుచ్చి, సుద్ద పూసిన దారం కట్టి, లాగి వదిలేవాడు. మన వడ్రంగులు చెక్క మీద దారం కొట్టినట్టే. నేల పలకలు, కిటికీ చట్రాలు, బల్ల అంచులు అన్నీ ఆ ఒక్క బిందువు నుంచే దిద్దుకున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ‘పాలు పోస్తున్న పనిమనిషి’లో ఆ గుంట ఆమె కుడిచేతికి కాస్త పైన ఉంది. అందుకే మన చూపు తెలియకుండానే పాలధార వైపు జారుతుంది.

ఆ బొమ్మ 45 సెంటీమీటర్ల చదరం కంటే పెద్దగా ఎక్కువుండదు. గోడ ఖాళీ. కానీ దాన్ని ఆనుకుని చూస్తే మేకు, దాని నీడ, మేకులు ఊడిపోయిన చిల్లులు, సున్నం పెచ్చు లేచిన చోట్లు కనిపిస్తాయి. ఆమె వెనక గోడ మీద మొదట కూజాలు తగిలించే చట్రం ఒకటి వేసి తర్వాత కప్పేశాడని 2022లో బయటపడింది. తీసేయడం వల్లే ఆ గోడకు అంత వెలుతురు వచ్చింది. ఆమె భుజం, నడుము అంచు వెంట సన్నటి తెల్ల గీత ఒకటి గీశాడు. నిజమైన గదిలో అలాంటి గీత ఉండదు. అది ఉండబట్టే ఆమె గోడ నుంచి విడివడి ముందుకు వస్తుంది. రొట్టె పెంకు మీద లేత రంగు చుక్కలు పెట్టాడు, ఉప్పు పలుకుల్లా కాదు, వెలుగు పడిన గుర్తుల్లా. ఆమె నీలి గుడ్డకు వాడింది అఫ్గాన్ కొండల లాపిస్ లాజులి రాయి. దాన్ని నూరి, మైనం, గుగ్గిలం కలిపిన ముద్దలో పిసికి, బూడిద నీటిలో నీలాన్ని విడదీసి తీస్తారు. పాత చిత్రకారుల రంగుల్లో చాలా ఖరీదైనదిది. పనిమనిషి బట్టకు దాన్ని వాడటంలో నాకు వెర్మీర్ మనసు కనబడుతుంది.

హేగ్‌లోని ‘ముత్యపు లోలాకు పిల్ల’ సుమారు 1665 నాటిది. ముత్యానికి గుండ్రటి గీతా లేదు, చెవికి తగిలించే కొక్కీ లేదు. పైన చిక్కటి తెల్ల మచ్చ, కింద కాలరు వెలుగు పడ్డ మెత్తటి బూడిద ఛాయ, అంతే. మధ్యలో ఉన్నదంతా మెడ నీడే. వెనకున్నది నల్లగా కనిపిస్తున్నా అసలు అక్కడ ఆకుపచ్చ తెర ఉండేదని పరీక్షల్లో తేలింది. నీలిమందునూ ఒక పసుపు మొక్క రంగునూ కలిపి వేసిన పూత కాలంతో వెలిసిపోయింది. డచ్ వాళ్ళ నీలిమందు వ్యాపారంలో ఆ శతాబ్దంలో మన మచిలీపట్నం తీరానికి కూడా వాటా ఉండేది.

రంగు నూరుకోవడం అన్న పనే వాన్ గో కాలానికి తప్పిపోయింది. మడతపెట్టి మూసే తగరపు ట్యూబును 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ పేటెంటు చేయించాడు. కొత్త రసాయన పసుపులు, ఎరుపులు దుకాణంలో సిద్ధంగా దొరికేవి. ట్యూబు నుంచి వచ్చే రంగు వెన్నలా నిలబడుతుంది, జారిపోదు. వాన్ గో ఆ గుణాన్నే పట్టుకున్నాడు. 1888 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్ళో వేసిన పొద్దుతిరుగుడు పూలలో ప్రతి రేకా కుంచె కదిలిన దిక్కులోనే ఉంది. పువ్వు నడుమ భాగంలో రంగును పొడుచుకుంటూ పోయి గింజల గరుకు తెచ్చాడు. పచ్చిరంగులోకే పచ్చిరంగు నెట్టాడు కాబట్టి ఒక పోటులో రెండు మూడు రంగులు విడివిడిగా చారలు తేలి ఉంటాయి. కుంచె వెంట్రుకల జాడలు గట్టిపడి, పక్క నుంచి వెలుతురు పడితే వాటికి సొంత నీడలు కూడా వస్తాయి. ఆరుబయట వేసేవాడు గనక ఎదురుగా ఉన్నవన్నీ రంగులో చిక్కుకునేవి. కాన్సాస్ సిటీలోని ఒక ఆలివ్ తోట బొమ్మలో చిన్న మిడత దేహం అతికి ఉందని 2017లో కనిపెట్టారు.

ఆ కొత్త రంగుల్లో కొన్ని మోసం చేశాయి. క్రోమ్ పసుపు కొన్నిచోట్ల గోధుమరంగుకు తిరిగింది. జెరేనియం ఎరుపు అసలే నిలవదు. ఆర్ల్‌లోని తన పడకగది గోడలు లేత ఊదా రంగని తమ్ముడు తియోకి రాశాడు, ఇప్పుడు ఆ గోడలు నీలంగా ఉన్నాయి. ఎరుపు వెలిసి నీలం మిగిలింది. ఇది వాన్ గోకి తెలియకపోలేదు. ఈ కొత్త రంగులు నిలకడ లేనివనీ, అందుకే వాటిని ఇంకా జంకు లేకుండా, ఇంకా పచ్చిగా వేయాలనీ, కాలమే వాటిని మెత్తబరుస్తుందనీ 1888 వసంతంలో తియోకి రాశాడు. పొద్దుతిరుగుడు పూలు వేసింది ఆ తర్వాతి ఆగస్టులోనే.