చదివితే కష్టం, పాడితే సులువు

క్రిస్మస్ సెలవుల ముందు మా క్లాస్ స్నేహితురాలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెచ్చి ఇచ్చింది. అందులో పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి చదవబోయి రెండో లైన్‌లోనే ఆగిపోయాను. అన్నీ పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు. తెలుగు మీడియంలో చదివే నాకే ఇట్లుంటే, మన భివండీలో బయట హిందీ, మరాఠీ మాట్లాడుతూ పెరిగే మిగతా పిల్లల సంగతేంది? ఇది కవి లోపమే అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

పండుగ రోజు వాళ్ల నానమ్మ అదే కీర్తన పాడింది. పక్క కార్ఖానాలో సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. ఆమె బడికి పోలేదు. అయినా నేను తడబడ్డ సమాసాన్ని తాళం పడే చోట విరిచి, సాగదీసి పాడింది. అప్పుడు అర్థమైంది. పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా ఇంకొంచెం అర్థమైంది. నోట్‌బుక్‌లో రాసింది కొట్టేశాను.

చౌదరి గారు 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టారు, 1890లో చనిపోయారు. బెంగాలీ మూలాలున్న కుటుంబం, కానీ రాసింది తెలుగులో. ‘యేసునాయక శతకం’ కూడా ఆయనదే. అయినా జనం నోట నిలిచినవి కీర్తనలే. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ మనవాళ్లకు ముందే తెలిసినవి కదా. మార్కండేయ గుడి భజనలు విన్న నా చెవికి కూడా ఆ నడక కొత్తగా లేదు. దేవుడి పేరే వేరు.

దాదాపు అదే కాలంలో స్కాట్లాండ్‌లో హొరేషియస్ బోనార్ (1808–1889) అనే పాస్టర్ ఉండేవారు. లీత్ ఊరి ఆదివారం బడిలో పిల్లలకు పాత కీర్తనలు రుచించకపోతే, వాళ్లకు తెలిసిన బాణీలకే తేలిక మాటలు రాసిచ్చారు. అయితే అక్కడి చర్చిల్లో బైబిలు కీర్తనలు తప్ప వేరేవి పాడని ఆచారం. అందుకని ఆయన సొంత సంఘంలోనే ఆయన పాటలు చాలా ఏళ్లు వినిపించలేదు!

ఇద్దరూ తెలిసిన బాణీనే నమ్ముకున్నారు. మాటలు తేలిక చేసింది మాత్రం బోనార్ ఒక్కరే. పిల్లల వరకైతే నాకు ఆయన దారే నచ్చింది. చౌదరి గారి కీర్తనల్లో కొన్నింటికి చరణాలు మరీ ఎక్కువ, చెప్పిందే మళ్లీ చెప్పినట్టు ఉంటుంది. నానమ్మ కూడా మూడు చరణాలు వదిలేసింది. ఎందుకని అడిగితే నవ్వింది.

“అవన్నీ పాడితే అన్నం చల్లారిపోతది బిడ్డా!”