పళ్లు మళ్లీ కలిసే దాకా

దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం, అంటే కర్రల సమరం. కర్రల దెబ్బలు తగిలినవాళ్లు గాయం మీద పసుపు అద్దుకొని మళ్లీ జనంలోకి పోతారు. గట్టిగా తగిలినవాళ్లను ఆలూరుకో ఆదోనికో తీసుకొస్తారు. తల పగిలితే నెత్తురు కనిపిస్తుంది. దవడ విరిగితే వాపు తప్ప పైకి ఏమీ తెలియకపోవచ్చు. బన్ని ఏడాదికి ఒక్క రాత్రే. ఆదోని, ఎమ్మిగనూరు రోడ్ల మీద దవడలు విరిచే హెల్మెట్ లేని బైకు ప్రయాణం మాత్రం రోజూ ఉండేదే.

దవడ విరిగిందని ముందు చెప్పేవి పళ్లే. నోరు మూస్తే మునుపటిలా కలవవు. కింది పెదవి మొద్దుబారుతుంది, నాలుక కింద నెత్తురు కమ్ముతుంది. ఇవి కనిపిస్తే పసుపుతో, పట్టీతో ఆగకూడదు.

పాత పద్ధతిలో పై పళ్లకూ కింది పళ్లకూ తీగలు చుట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు నోరు కట్టేసేవారు. అన్నాళ్లూ పళ్ల సందుల్లోంచి జావ, పాలే. జొన్నరొట్టె తిని పత్తి చేలల్లో పనిచేసే మనిషి ఆరు వారాల్లో బక్కచిక్కిపోతాడు, కూలీ పోతుంది. ఇప్పుడు విరిగిన ఎముకను చిన్న లోహపు ప్లేట్లతో, స్క్రూలతో బిగిస్తారు. నా దృష్టిలో ఆ ప్లేట్ల అసలు విలువ ఇక్కడే ఉంది. అవి ఎముకతో పాటు ఆ కొన్ని వారాల బతుకునూ నిలబెడతాయి.

1973లో ఫ్రాన్సుకు చెందిన మిషెలే చిన్న ప్లేట్ల పద్ధతిని ప్రకటించాడు. స్ట్రాస్‌బర్గ్‌లో మాక్సిమ్ షాంపీ ప్రయోగాలు చేసి, ప్లేటు ఎక్కడ పెట్టాలో తేల్చాడు. భుజాన కావడి మోసేటప్పుడు బద్ద పై అంచు సాగుతుంది, కింది అంచు నొక్కుకుంటుంది. నమిలేటప్పుడు కింది దవడలోనూ అంతే. అందుకే సాగే పై అంచు దగ్గర ప్లేటు వేస్తే, కింది అంచు తనంతట తానే బిగుసుకుంటుంది. దవడ వెనకభాగానికి ఒక ప్లేటు చాలు. గడ్డం దగ్గర ఎముక మెలితిరుగుతుంది కాబట్టి అక్కడ రెండు కావాలి.

ఆపరేషన్‌లో మత్తు గొట్టాన్ని ముక్కులోంచి వేస్తారు, ఎందుకంటే నోరు సర్జన్‌కు కావాలి. ముందు పై పళ్లనూ కింది పళ్లనూ సరిగ్గా కలిపి తీగతో కట్టేస్తారు. ఇదే కొలబద్ద. ఎముక ఎంత అందంగా అతికినా పళ్లు కలవకపోతే ఆపరేషన్ తప్పినట్టే. సాధారణంగా కోత నోటిలోపలే, చిగురు కింద పడుతుంది, ముఖం మీద మచ్చ ఉండదు. విరిగిన ముక్కలను చేర్చి, ప్లేటును పటకారుతో వంచి ఎముక వంపుకు సరిపెడతారు. సరిగా వంగని ప్లేటును బిగిస్తే స్క్రూ ఎముకను లాగేస్తుంది, పళ్లు తప్పుతాయి. రంధ్రం చేసేటప్పుడు సెలైన్ నీళ్లు ధారగా పోస్తూనే ఉండాలి. వేడి 47 డిగ్రీలకు చేరి ఒక నిమిషం నిలిస్తే చుట్టూ ఎముక దెబ్బతింటుంది, స్క్రూ వదులవుతుంది. విరుపుకు ఇటు రెండు, అటు రెండు స్క్రూలైనా ఉండాలి. వాటి మందం 2 మిల్లీమీటర్లు, పొడవు 6 నుంచి 8. అవి ఎముక బయటి గోడలోనే ఆగుతాయి, లోపలున్న పంటి వేళ్లకూ నరానికీ తగలకూడదు. చివర్లో తీగ విప్పి, దవడను ఆడించి, పళ్లు కలుస్తున్నాయో లేదో మళ్లీ చూస్తారు.

పై దవడ, చెంప ఎముకలకు ఇంకా పలచని ప్లేట్లు వాడతారు. ముఖం మధ్యభాగం ఏ గీతల వెంట విరుగుతుందో 1901లోనే రెనె లెఫోర్ శవాల మీద పరీక్షించి చూపాడు. ఆ మూడు గీతల పేర్లు నేటికీ ఆయనవే.

ప్లేట్లు టైటానియంవి. తుప్పు పట్టదు, ఒళ్లు దాన్ని ఓర్చుకుంటుంది. అందుకే పెద్దవాళ్లలో చాలావరకు తీయనక్కర్లేదు. పెరిగే పిల్లలకు మాత్రం కొన్నిసార్లు తీసేస్తారు, లేదా కరిగిపోయే ప్లేట్లు వేస్తారు.

ఈ ఆపరేషన్‌కు వెళ్లాలంటే ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు. ఖర్చు సంగతికొస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ముఖ ఎముకల శస్త్రచికిత్సలకూ వర్తిస్తుంది. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు మెత్తని తిండే తినాలి. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. గుట్కా, బీడీ మానాలి. పొగాకు వాడేవాళ్లలో కుట్లు విడిపోయి, చీము పట్టి, ప్లేటు తీయాల్సి రావడం ఎక్కువ.