గులాబీ గుడ్డ పట్టిన ఎస్పాదా

ఎద్దుల పోరులో కత్తి దూసి ఆఖరి వేటు వేసేవాణ్ణి స్పెయిన్‌లో ఎస్పాదా అంటారు. 1862లో చిత్రకారుడు ఎదువార్ మానె ఆ వేషం పారిస్ మాడల్ విక్టోరిన్ మెరాన్‌కి వేసి బొమ్మ గీశాడు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఒంటికి పొట్టి నల్లకోటు, మోకాళ్ల దాకా నల్ల లాగు, ఒక చేత కత్తి, ఇంకో చేత గులాబీ రంగు గుడ్డ. వెనక బరిలో ఎద్దు, గుర్రపు రౌతు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న ఈ కాన్వాసు ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది.

పోరు ఎరిగినవాళ్లకి ఈ బొమ్మ నవ్వు తెప్పిస్తుంది. ఆమె కాళ్లకున్న చెప్పులతో బరిలోకి దిగితే కాలు నిలవదు. కత్తితో పాటు పట్టే గుడ్డ ఎర్రగా ఉండాలి. పైగా ఎస్పాదా చూపు ఎద్దు మీద లేదు, మన మీద ఉంది! మానె అప్పటికి పెద్దయ్యాక స్పెయిన్‌లో అడుగైనా పెట్టలేదు. వెనకున్న దృశ్యానికి ఆధారం చిత్రకారుడు గోయా 1816లో వెలువరించిన ఎద్దుల పోరు ముద్రణ చిత్రాలు. ముందున్న మనిషికీ వెనకున్న ఎద్దుకీ కొలత కుదరదు. నేల వెనక్కి పరుచుకోకుండా గోడలా పైకి లేస్తుంది.

ఇవన్నీ తెలియక జరిగినవని నేననుకోను. ఇది స్టూడియోలో కట్టిన వేషమని దాచాలన్న తాపత్రయమే మానెకి లేదు. అతని మనసంతా రంగు మీద ఉంది. ఆ నలుపు చూడండి. కోటూ లాగూ టోపీ అన్నీ నలుపే, అయినా ఏదీ మసిబారలేదు. వెలుగు నుంచి నీడకి మెట్టు మెట్టుగా దిగాలని ఆనాటి చిత్రకళా పాఠశాలలు నేర్పేవి. మానె నడిమి మెట్లు చాలావరకు తీసేశాడు. తెల్లని మేజోళ్ల పక్కనే నలుపు, పాలిపోయిన ముఖం పక్కనే నలుపు. అతనికి నలుపు నీడ కాదు, ఒక రంగు.

ఇక ఆ గుడ్డ. దగ్గరగా వెళ్తే మడతలు కనిపించవు, కుంచె జోరుగా లాగిన గులాబీ, తెలుపు, బూడిద చారలే కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవే చారలు గుడ్డై వేలాడతాయి. నిజమైన ఎరుపు వేసి ఉంటే ఇంత గాలి ఆడేది కాదేమో.

1863లో అధికారిక కళాప్రదర్శన సలోన్ కాదన్న బొమ్మల కోసం పెట్టిన ప్రదర్శనలో ఈ బొమ్మా, మానె వేసిన 'గడ్డి మీద భోజనం' బొమ్మా ఒకేచోట వేలాడాయి. ఒకదానిలో మగవేషం, ఇంకోదానిలో నగ్నత్వం; రెండింటిలోనూ విక్టోరినే. అక్కడే ఉన్న మూడో బొమ్మలో స్పానిష్ యువకుడిగా నిలబడ్డది మానె తమ్ముడు గుస్తావ్, విక్టోరిన్ వేసుకున్న పొట్టికోటే తొడుక్కుని!

1865లో మానె స్పెయిన్ వెళ్లి అసలు పోరు కళ్లారా చూశాడు, తిరిగొచ్చి దాన్నీ గీశాడు. ఆ బొమ్మల్లో ఎద్దూ బరీ జనమూ నమ్మేలా ఉంటాయి. నా ఓటు మాత్రం ఈ తప్పుల ఎస్పాదాకే.