మటిల్డా: పేరు నడిచిన దారి

ప్రాచీన జర్మానిక్ భాషలు మాట్లాడిన జాతులవారు బిడ్డకు పేరు పెట్టేటప్పుడు తరచుగా రెండు పదాలను కలిపి సమాసంగా కూర్చేవారు. మటిల్డా అనే పేరులో మొదటి పదానికి బలమని, రెండవ పదానికి యుద్ధమని అర్థం. అయితే ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పబోవడం పొరపాటు. బంధువుల పేర్లలోని పదాలను తీసుకుని జోడించడం పరిపాటి కావడం వల్ల ఆ రెంటికీ పొంతన కుదరాలన్న నియమమేమీ ఉండేది కాదు. బిడ్డ ఏ వంశానికి చెందినదో తెలిస్తే చాలు.

క్రమంగా పదాలను విడదీసి కూర్చే పద్ధతి సన్నగిల్లి, పేరు మొత్తంగా వారసత్వమైంది. సాక్సనీలో పుట్టి, జర్మనీ రాజు మొదటి హెన్రీని పెళ్లాడి, 968లో మరణించాక పునీతురాలిగా పూజలందుకున్న మటిల్డా పేరే ఆమె మనుమరాలికీ వచ్చింది. క్వెడ్లిన్‌బుర్గ్ సన్యాసినీ మఠానికి అధిపతిగా ఉన్న ఆ మనుమరాలికే చరిత్రకారుడు విడుకిండ్ తన సాక్సనుల చరిత్రను అంకితమిచ్చాడు.

ఇంగ్లండుకు ఈ పేరు నార్మన్ల విజయంతో, ఆ విజేత విలియం భార్య ఫ్లాండర్స్ మటిల్డాతో వచ్చింది. ఆమె కుమారుడు, ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ 1100లో పెళ్లాడిన స్కాట్లండు రాజకుమారి అసలు పేరు ఈడిత్. అది అచ్చమైన ఇంగ్లీషు పేరు, పాత ఇంగ్లీషు రాజవంశంతో ఆమెకున్న రక్తసంబంధానికి గుర్తు. పాలకులైన నార్మన్ ప్రభువులకు ఇంగ్లీషు పేర్లంటే ఎంత చులకనంటే, ఆ దంపతులను గాడ్రిక్, గాడ్గిఫు అని ఎగతాళి చేశారు. రాణి అయ్యాక ఈడిత్ మటిల్డాగానే మిగిలింది. ఈ పేరు చరిత్రలో ఇంతకన్నా బాధ కలిగించే ఘట్టం మరొకటి లేదు. ఓడిన జాతి భాష అంతఃపురంలో తన చివరి చోటును అలా పోగొట్టుకుంది.

ఆమె కుమార్తె మటిల్డా జర్మనీ చక్రవర్తిని పెళ్లాడి, వితంతువై తిరిగివచ్చి, తండ్రి మరణానంతరం సింహాసనం కోసం మేనత్త కొడుకు స్టీఫెన్‌తో పోరాడింది. 1141లో స్టీఫెన్ బందీ అయినప్పుడు అతని పక్షాన సైన్యాన్ని నడిపించిన భార్య పేరు కూడా మటిల్డాయే కావడంతో, చరిత్రకారులు ఒకరిని చక్రవర్తిని అనీ, మరొకరిని రాణి అనీ వేరుచేసి రాయవలసి వస్తుంది. చక్రవర్తినికి ఇంగ్లండులో పట్టాభిషేకం జరగనేలేదు. 1154లో కిరీటం ఆమె కుమారుడు రెండవ హెన్రీకి దక్కింది.

అతడు 1156లో పుట్టిన తన కుమార్తెకు తల్లి పేరే పెట్టాడు. ఆ మటిల్డా 1168లో సింహ హెన్రీగా ప్రసిద్ధుడైన డ్యూకును పెళ్లాడి, అతడు ఏలుతున్న సాక్సనీకి వెళ్లింది.