ముందు హీట్‌సింక్, తర్వాతే చిప్

ఇంట్లో సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకునేవాళ్లు ఎక్కువసేపు మాట్లాడుకునేది చిప్ గురించి, ట్రాన్స్‌ఫార్మర్ గురించి. విడిభాగాలు కొనడానికి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లినా ముందు అడిగేది ఎల్‌ఎం3886 ఉందా, టీడీఏ7294 ఉందా అనే. హీట్‌సింక్ వంతు చివర్లో వస్తుంది, అదీ మిగిలిన డబ్బులతో. నా మటుకు నేను ఈ వరస తిరగేసుకుని చాలా కాలమైంది. ఆంప్లిఫయర్ ఏళ్ల తరబడి పాడుతుందా, మొదటి వేసవికే మూలుగుతుందా అన్నది తేలేది చిప్ వీపూ అల్యూమినియమూ కలిసే చోటే.

ఎల్‌ఎం3886కి ప్లస్, మైనస్ 28 వోల్టులు ఇచ్చి 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే చిప్‌లో పుట్టే వేడి 40 వాట్ల దాకా పోతుంది. 8 ఓమ్‌లకైతే 20 వాట్లు. ఒకే స్వరం నిలకడగా ఇచ్చి కొలిస్తే, ఈ గరిష్ఠ వేడి కనిపించేది పూర్తి పవర్‌లో కాదు, అందులో 40 శాతం దగ్గర. కాబట్టి వాల్యూమ్ పెద్దగా పెట్టం కదా అని చిన్న హీట్‌సింక్‌తో సరిపెట్టుకోకూడదు.

చిప్ లోపలి సిలికాన్ 150 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. 4 ఓమ్‌ల లెక్కలో, చుట్టూ గాలి 25 డిగ్రీలుంటే, వాటుకు 1.9 డిగ్రీల చొప్పున వేడెక్కే హీట్‌సింక్ చాలు. మన మే నెలలో పెట్టె లోపల 50 డిగ్రీలు వేసుకుంటే ఆ అంకె 1.3కి దిగాలి. అంటే ఇంకా పెద్ద హీట్‌సింక్ కావాలి. అది చాలకపోతే ఈ చిప్ 165 డిగ్రీల దగ్గర తనంతట తానే ఆగి, 155కి చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది. పాట తెగి తెగి వస్తుంటే ముందుగా అనుమానించాల్సింది వేడినే.

పెద్ద హీట్‌సింక్ కొన్నా, బిగింపు సరిగా లేకపోతే ఫలితం లేదు. కంటికి నున్నగా కనిపించే రెండు లోహాల మధ్య కూడా గాలి సందులుంటాయి. అల్యూమినియంతో పోలిస్తే గాలి వేడిని మోసే శక్తి వేల రెట్లు తక్కువ. తెల్లటి థర్మల్ పేస్ట్ పని ఆ సందులు నింపడమే. దోసె మీద కారప్పొడి చల్లినంత పల్చగా రాస్తే చాలు. మందంగా పూస్తే అదే వేడికి అడ్డమవుతుంది. హీట్‌సింక్‌కు రంధ్రం వేశాక అంచున లేచిన లోహపు పొర తీసేయాలి. లేకపోతే చిప్ ఒక పక్క ఎత్తుగా కూర్చుంటుంది.

తర్వాతది కరెంటు సంగతి. మామూలు ఎల్‌ఎం3886 వీపు రేకు లోపల మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. టీడీఏ7294దీ అంతే. హీట్‌సింక్ ఎర్త్ చేసిన పెట్టెకు తగిలితే సప్లై షార్ట్ అవుతుంది. అందుకే మధ్యలో మైకా ముక్క, దానికి రెండు వైపులా పేస్ట్, స్క్రూకి ప్లాస్టిక్ బుష్. హీట్‌సింక్ మీది నల్ల పూతను ఇన్సులేషన్‌గా నమ్మకూడదు, ఒక్క గీత పడితే చాలు. వీపు కూడా ప్లాస్టిక్‌తో కప్పిన టీఎఫ్ రకానికి మైకా అక్కర్లేదు గానీ, ఆ ప్లాస్టిక్ గుండా వేడి కొంత నెమ్మదిగా దిగుతుంది.

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం స్క్రూ బిగించడం. చేతికి గట్టిదనం తెలిసే దాకా తిప్పి ఆగాలి. బలం చూపిస్తే రేకు వంగి, చిప్ రెండో కొస లేస్తుంది. చిప్‌ను ముందు వైపు నుంచి మధ్యలో నొక్కే పట్టీ క్లిప్ దొరికితే ఇంకా మంచిది. ముందు చిప్‌ను హీట్‌సింక్‌కు బిగించి, ఆ తర్వాతే కాళ్లకు సోల్డర్ పెట్టాలి. వరస మారిస్తే బిగింపు ఒత్తిడంతా ఆ సన్నని కాళ్ల మీదే పడుతుంది. హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండాలి, వేడిగాలి పైకి పోవాలి కాబట్టి.

ఈసారి ఆంప్లిఫయర్ కట్టబోయేవాళ్లు చిప్ కొనే ముందే హీట్‌సింక్ లెక్క వేసుకోండి. స్విచ్ వేసే ముందు మల్టీమీటర్ ఒక కొస చిప్ రేకుకి, ఇంకో కొస హీట్‌సింక్ మీద పూత లేని లోహానికి ఆనించి చూడండి. మైకా వేసిన చోట బీప్ మోగిందంటే కరెంటు ఇవ్వకండి, విప్పి మళ్లీ బిగించండి.