లేదన్న బిడ్డ: 'క్షణం' చిత్రంలో తల్లి మాటకు విలువ

రవికాంత్ పేరేపు దర్శకత్వంలో 2016 ఫిబ్రవరిలో విడుదలైన 'క్షణం' చిత్రాన్ని బిగువైన అపరాధ పరిశోధక కథగా ప్రశంసించడం పరిపాటి. అయితే నేరస్థుడెవరన్న ప్రశ్నకు ముందే ఆ కథ మరొక ప్రశ్న వేస్తుంది: తప్పిపోయిందంటున్న బిడ్డ అసలు ఉన్నదా? తెలుగు సినిమాకు బిడ్డ తప్పిపోవడం కొత్త కాదు. జాతరలో విడిపోయిన పిల్లవాడు పుట్టుమచ్చ వల్లనో గొలుసు వల్లనో చివరకు గుర్తింపు పొందుతాడు. అక్కడ సందేహమల్లా బిడ్డ ఎవరన్నదే. ఉనికిని ఎవరూ శంకించరు. 'క్షణం'లో దాడికి గురై కోమా నుంచి తేరుకున్న శ్వేతకు కూతురు రియా కనిపించదు. భర్త కార్తీక్ తమకు సంతానమే లేదంటాడు. పోలీసులూ అదే మాట అంటారు. ఆమె దుఃఖం రోగలక్షణంగా మారిపోతుంది.

ఈ ఇతివృత్తానికి పాశ్చాత్య పూర్వరూపముంది. ఆటో ప్రెమింజర్ 1965లో తీసిన 'బన్నీ లేక్ ఈజ్ మిస్సింగ్' తల్లి మతిస్థిమితాన్నే ప్రశ్నార్థకం చేస్తుంది. కానీ తెలుగు పాఠకునికి ఇంతకన్నా దగ్గరి పోలిక నన్నయ ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానం. నిండు సభలో భర్త కాదన్నప్పుడు శకుంతల వద్ద ఉన్నది మాట మాత్రమే. కాళిదాసు కల్పించిన ఉంగరం అక్కడ లేదు. అశరీరవాణి పలికిన తరువాతే ఆ మాట నిలుస్తుంది. శ్వేతకు ఆ వాణి దొరకదు. సాయం కోరి అమెరికా నుంచి పిలిపించుకున్న పూర్వప్రియుడు రిషి కూడా నమ్మకం కోల్పోయిన దశలో ఆమె ప్రాణం తీసుకుంటుంది. అతని సందేహం నిశ్చయంగా మారేది ఆ తరువాతే. అంటే తల్లి జీవించి ఉండగా చెల్లని వాఙ్మూలం ఆమె మరణంతో చెల్లుబాటవుతుంది. చిత్రంలో అత్యంత కఠోరమైన అంశం ఇదే. కథనవేగం దీనిపై ప్రేక్షకుణ్ణి నిలవనివ్వదు.

తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. ఆ ఆదేశం ఫిర్యాదుదారు మాటను తొలి ఆధారంగా స్వీకరిస్తుంది. శ్వేత చదువుకున్న నగర మధ్యతరగతి స్త్రీ. ఆమె మాటకే ఈ గతి పట్టినప్పుడు, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామాలున్న సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి పని కోసం వలస వచ్చి, భాష రాక, చేతిలో కాగితం లేక నిలబడే తల్లి మాట ఏమవుతుంది? చిత్రం ఈ ప్రశ్నను అడగదు. అడగాలన్న నియమమూ లేదు. కాని అది కల్పించిన భయం ఆ దిశగానే విస్తరిస్తుంది.

ముగింపు విషయంలో మాత్రం ఆక్షేపణ తప్పదు. రియా తన కూతురేనని రిషికి చివర తెలుస్తుంది. అంతవరకు అతడు వెతికింది పరాయి బిడ్డ కోసం. అన్వేషణకున్న నైతిక బలం అక్కడే ఉంది. రక్తసంబంధం బయటపడగానే ఆ వెతుకులాట అంతా తెలియకుండా నెరవేర్చిన పితృధర్మంగా కుదించుకుపోతుంది. కార్తీక్ ద్వేషానికీ రిషి వాత్సల్యానికీ మూలం ఒకటే అవుతుంది: బిడ్డ ఎవరి రక్తమన్నది. ప్రతినాయకుని తర్కాన్నే కథ తన ముగింపుకు అరువు తెచ్చుకున్నదనాలి.

ఇదే నటుడు అడివి శేష్ నటించిన 'ఎవరు' (2019) మూలమైన స్పానిష్ చిత్రంలో తల్లిదండ్రులు కొడుకు కోసం వెతుకుతారు. తెలుగులో కొడుకే తండ్రి కోసం వెతుకుతాడు. 'క్షణం'లో సగంలో మరణించిన తల్లి, 'ఎవరు'లో చక్రాల కుర్చీకి పరిమితమైన తల్లి. రెండింటా అన్వేషణ పురుషుని చేతికే చేరింది.