డార్విన్ ఆర్కిడ్ గ్రంథం: ఒక పరిశీలన

మన వృక్షశాస్త్ర పాఠాలలో ఆర్కిడ్ల ప్రసక్తి వచ్చినప్పుడు ఒక కథ చెప్పటం ఆనవాయితీ. మడగాస్కర్ ద్వీపంలో పూసే ఒక తెల్లని ఆర్కిడ్ పువ్వును చార్లెస్ డార్విన్ పరీక్షించాడు. దాని వెనుక అడుగు పొడవున సన్నని గొట్టం వేలాడుతూ ఉంది. మకరందం ఆ గొట్టం కొసలో మాత్రమే ఉంది. అంత పొడవైన తొండం గల కీటకమేదో ఆ ద్వీపంలో ఉండి తీరాలని ఆయన అన్నాడు. నలభై యేండ్ల తరువాత ఆ కీటకం బయటపడింది. కథ నిజమే. కాని విద్యార్థి మనస్సులో దీని వల్ల మిగిలేది, డార్విన్ గొప్ప జోస్యం చెప్పాడన్న ఆశ్చర్యం ఒక్కటే. ఆ మాట ఏ గ్రంథంలో ఉన్నదో, ఆయన దేనిని ఆధారం చేసుకొని అట్లా అనగలిగాడో చెప్పేవారు తక్కువ.

గ్రంథం 1862 మే నెలలో లండన్‌లో వెలువడింది. పేరు చాంతాడంత పొడవు. బ్రిటిష్, విదేశీ ఆర్కిడ్లు కీటకాల వల్ల ఫలదీకరణం చెందటానికి ఉన్న వివిధ ఉపాయాలు, పరపరాగ సంపర్కం వల్ల కలిగే మేలు అని స్థూలంగా దాని అర్థం. జాతుల ఉత్పత్తిని గురించిన ఆయన ప్రసిద్ధ గ్రంథం వచ్చి అప్పటికి మూడేండ్లు నిండలేదు. ప్రత్యర్థుల మీద ఇది పక్కనుంచి చేసిన ముట్టడి అని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు వ్రాసిన ఉత్తరంలో డార్విన్ స్వయంగా చెప్పుకున్నాడు.

పేరులోని ‘విదేశీ’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. కెంట్ జిల్లాలో ఒక పల్లెటూరిలో, అనారోగ్యంతో ఇల్లు కదలని మనిషికి బ్రెజిల్, గయానా, మడగాస్కర్ పువ్వులు తాజాగా ఎట్లా అందాయి? దీనికి జవాబు తోటపని చరిత్రలో ఉన్నది. 1818లో బ్రెజిల్ నుంచి ఇంగ్లండ్ చేరిన కాట్లియా మొక్క పూయటంతో అక్కడి ధనవంతులకు ఆర్కిడ్ల పిచ్చి పట్టుకున్నది. మొదట్లో వచ్చిన మొక్కలు వచ్చినట్లే చచ్చేవి. ఉష్ణదేశపు మొక్క గనుక కొలిమి వేడి కావాలనుకొని, గాలి చొరని గదులలో వాటిని ఉడికించేవారు. డెవన్‌షైర్ ప్రభువు తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ వంటివారు ఒక్కొక్క జాతికి తగిన వేడి, తేమ, గాలి ఇవ్వాలని గ్రహించిన తరువాత పరిస్థితి మారింది. సముద్ర ప్రయాణంలో మొక్క ఎండిపోకుండా వార్డ్ అనే వైద్యుడు కనిపెట్టిన గాజు పెట్టె కాపాడింది. 1845లో గాజు మీద పన్ను రద్దు కావటంతో గాజుశాలలు చౌకబడ్డాయి.

మన దేశం నుంచి కూడా మొక్కలు తరలిపోయాయి. ఖాసీ కొండలలో నీలి వాండాను ఏడుగురు కూలీల మోత సేకరించి క్యూ ఉద్యానానికి పంపితే బ్రతికి చేరినవి స్వల్పమేనని జోసెఫ్ హూకర్ తన హిమాలయ యాత్రా గ్రంథంలో (1854) వ్రాశాడు. అదే చోటినుంచి మరొకరు పంపిన ఒక్క కూలీ మోత, అదీ వాడిపోయిన స్థితిలో, 300 పౌన్లకు అమ్ముడుపోయిందట! ఈ హూకరే డార్విన్‌కు ఆప్తమిత్రుడు. క్యూ ఉద్యానం నుంచి హూకర్, లండన్ నర్సరీ నుంచి వీచ్, సొంత సేకరణ నుంచి జేమ్స్ బేట్మన్ పంపిన పువ్వులే ఈ గ్రంథానికి ముడిసరకు. మడగాస్కర్ పువ్వును పంపినవాడు బేట్మన్.

ఇక గ్రంథం బలం ఎక్కడున్నది? నా ఉద్దేశంలో పెన్సిల్ ముక్కలో ఉన్నది. ఆర్కిడ్లలో పుప్పొడి పొడిగా రాలదు. ముద్దగా ఏర్పడి, చిన్న కాడతో, అడుగున జిగురు బిళ్లతో ఉంటుంది. దీనిని పరాగపిండం అందాము. ఇంగ్లండ్ పచ్చిక బయళ్లలో పూసే ఒక ఆర్కిడ్ పువ్వులోకి డార్విన్ సన్నగా చెక్కిన పెన్సిల్‌ను, తేనెటీగ తల దూర్చినట్లుగా, దూర్చి తీశాడు. రెండు పరాగపిండాలు కొమ్ముల వలె దానికి అంటుకొని నిటారుగా నిలిచాయి. వెంటనే మరొక పువ్వులో దూర్చితే అవి కీలాగ్రానికి తగలవు, వచ్చిన చోటికే పోతాయి. కాని సుమారు అర నిమిషంలో ఆ కొమ్ములు వాటంతట అవే ముందుకు 90 డిగ్రీలు వంగాయి. ఇప్పుడు దూర్చితే సరిగ్గా కీలాగ్రం మీదనే పడతాయి. ఆ అర నిమిషంలో తేనెటీగ మరొక మొక్కకు ఎగిరిపోయి ఉంటుంది. పరపరాగ సంపర్కం అన్న పెద్ద మాటకు ఇంతకంటె చక్కని నిదర్శనం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మడగాస్కర్ పువ్వు విషయంలోనూ ఆయన పద్ధతి ఇదే. అంగుళంలో పదవ వంతు లావున్న కడ్డీని గొట్టం ముఖద్వారంలో లోతుగా దూర్చి, బయటికి లాగేటప్పుడు పరాగపిండాలు అంటుకొని వస్తాయని చూశాడు. గొట్టం పొడవు 11 1/2 అంగుళాలు, మకరందం చివరి అంగుళమున్నరలో మాత్రమే. కొలతల మీద, ప్రయోగం మీద నిలబడిన ఊహ గనుక దీనిని జోస్యమనటం డార్విన్‌కు న్యాయం కాదు. ఆ మాత్‌కు 1903లో రోత్స్‌చైల్డ్, జోర్డాన్ పేరు పెట్టారు. అయితే అది ఆ పువ్వు మీద వాలి తేనె త్రాగటాన్ని కన్నులారా చూసినది 1992లో. తొండం పొడవు సరిపోవటం వేరు, పువ్వును దర్శించటం వేరు. కథ చెప్పేవారు ఈ తేడాను దాటవేస్తారు.

గ్రంథంలోని లోపం కూడా ఆ పెన్సిల్‌లోనే ఉన్నది. చాలా పుటలలో కీటకం లేదు, దాని స్థానంలో పెన్సిలో, కుంచె వెంట్రుకో ఉన్నది. కీటకం ఏమి కోరి వచ్చింది అన్న ప్రశ్నకు మకరందం అన్న ఒక్క జవాబుతో డార్విన్ తృప్తిపడ్డాడు. గాజుశాల పువ్వుల విషయంలో వేరు గతి లేదనవచ్చు. కాని ఇంగ్లండ్‌లోనే పూసే తేనెటీగ ఆర్కిడ్‌కు ఆ సాకు చెల్లదు. ఒక తేనెటీగ ఆ పువ్వు మీద పదే పదే ‘దాడి’ చేయటం చూశానని ఒకరు వ్రాసిన మాటను ఆయన అధోజ్ఞాపికలో ఉదాహరించి, దీని అర్థం తన ఊహకు అందటం లేదని వదిలివేశాడు. మరొక ఓఫ్రిస్ జాతి పువ్వులను అల్జీరియాలో ఏండ్ల తరబడి గమనించిన పుయాన్ అనే న్యాయాధికారి 1916లో ఆ ముడి విప్పాడు. పువ్వు ఆడకీటకాన్ని పోలి ఉండి మగకీటకాన్ని మోసగిస్తుంది. మకరందం ప్రసక్తే లేదు. ఆ వ్యాసం అచ్చయినది ఫ్రెంచి ఉద్యాన సంఘం పత్రికలో కావటం గమనింపదగినది.

రెండవ లోపం విత్తనాలకు సంబంధించినది. ఒక ఆర్కిడ్ మొక్కకు 1,86,300 విత్తనాలు ఉంటాయని డార్విన్ లెక్కగట్టాడు. అన్నీ మొలిస్తే ఆ మొక్క మునిమనుమలు భూతలమంతా పరుచుకుంటాయన్నాడు. మరి ఎందుకు మొలవటం లేదు? గ్రంథం జవాబు చెప్పదు. లేత దశలో ఇవి శిలీంధ్రాల వంటి పుష్పరహిత మొక్కల మీద ఆధారపడతాయని తన గట్టి నమ్మకమని హూకర్‌కు ఉత్తరం వ్రాసినా, ఆధారం లేక దానిని ముందుకు తీసుకుపోలేదు. ఆధారం గాజుశాల కుండీలలోనే ఉన్నది. వీచ్ నర్సరీలో జాన్ డొమినీ పెంచిన మొదటి సంకర ఆర్కిడ్ 1856లోనే పూసింది. తల్లిమొక్క వేళ్ల దగ్గర చల్లిన విత్తనాలు కొద్దిగా మొలుస్తాయని తోటమాలులు అనుభవంతో నేర్చుకున్నారు. ఆ వేళ్లలోని శిలీంధ్రమే కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ 1899లో కనుగొన్నాడు. చక్కెర కలిపిన అగార్ మీద శిలీంధ్రం లేకుండానే విత్తనాలను మొలిపించవచ్చని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో చూపాడు.

మధ్య గడచిన అరవై యేండ్లలో ఏమి జరిగిందో ఈ గ్రంథం చదివేవారు తెలుసుకోవాలి. విత్తనం నుంచి పెంచటం చేతగాదు గనుక వ్యాపారులు అడవులను దోచారు. కొలంబియాలో రెండు నెలలలో పదివేల మొక్కల కోసం నాలుగువేల చెట్లు నరికించానని ఆల్బర్ట్ మిలికన్ 1891లో అచ్చువేసిన పుస్తకంలో ఏ సంకోచమూ లేకుండా వ్రాశాడు. డార్విన్ బల్ల మీదికి వచ్చిన పువ్వుల వెనుక కూడా ఈ వ్యాపారమే ఉన్నది. ఆయన గ్రంథంలో దీనిని గురించి ఒక్క మాట లేదు. ఆనాటివారిలో చాలామందికి అది తప్పుగా తోచలేదు కాబట్టి ఆయనను ఒక్కరినే నిందించలేము, కాని ఆ మౌనం ఈనాటి పాఠకుని కంటికి ఆనకపోదు.

ఇన్ని చెప్పినా, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు చదవదగిన ప్రాచీన శాస్త్ర గ్రంథాలలో దీనిని ముందు వరుసలో ఉంచుతాను. చివరి ప్రకరణం కష్టం, మొదటిసారి వదిలివేయవచ్చు. పెన్సిల్ ప్రయోగానికి మడగాస్కర్ పోనక్కరలేదు. మన తోటలలో మామిడి కొమ్మల మీద వాండా టెసలాటా పెరుగుతుంది. కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన గ్రంథంలో రాక్స్‌బరో 1795లో దీని బొమ్మ వేయించాడు. దీనిని బదనిక అని పిలుస్తారు గాని చెట్టు రసాన్ని పీల్చే అసలు బదనిక వేరు. వాండా కొమ్మను పట్టుకొని ఉంటుందే తప్ప దానినుంచి ఆహారం తీసుకోదు. మొక్కను పెరకకుండా, అప్పుడే విచ్చిన పువ్వు ఒకటి కోసి, చెక్కిన పెన్సిల్ మొనను మెల్లగా దూర్చి తీస్తే పసుపు పచ్చని పరాగపిండాలు అంటుకొని వస్తాయి. అవి వంగుతాయా, వంగితే ఎన్ని సెకండ్లకు, ఏ దిక్కుకు అన్నది విద్యార్థులే గడియారం పెట్టుకొని చూసి వ్రాసుకోవచ్చు.